థాయ్‌లాండ్‌లో ఏ ప్రాంతపు భోజనం ఎవరికి నప్పుతుంది?

థాయ్‌లాండ్ యాత్రకు వెళ్ళే తెలుగు కుటుంబాలు చాలావరకు టూర్ కంపెనీ ఏర్పాటు చేసిన భారతీయ భోజనశాలల్లోనే రెండు పూటలా తింటాయి. మధ్యలో ఒకటో రెండో పూటలు ఖాళీ దొరికినప్పుడు మాత్రం ‘ఇక్కడివాళ్ళు తినేది మనమూ తిని చూద్దాం’ అన్న కోరిక పుడుతుంది. అప్పుడు అందరూ వేసే ప్రశ్న, మంచి థాయ్ రెస్టారెంట్ ఏది అని. నా దృష్టిలో ఆ ప్రశ్నను కొంచెం మార్చి అడగాలి. ముందుగా ఏ ప్రాంతపు భోజనం అన్నది తేల్చుకుంటే, ఏ దుకాణం అన్నది ఆ తర్వాత తేలిగ్గానే తేలుతుంది.

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో థాయ్ వంటకం పేరుతో మనకు పరిచయమైన గ్రీన్ కర్రీ, టామ్ యమ్ సూప్, ప్యాడ్ థాయ్ వంటివి ప్రధానంగా బ్యాంకాక్ చుట్టుపక్కల మధ్య ప్రాంతపు రుచులు. ఈశాన్యాన లావోస్ సరిహద్దులో ఉన్న ఇసాన్‌లో, ఉత్తరాన చియాంగ్ మాయ్ కేంద్రంగా ఉన్న పాత లాన్నా రాజ్యపు నేలలో, మలేషియా వైపు సాగే దక్షిణ ద్వీపకల్పంలో ప్రజలు తినేది దీనికి చాలా దూరం. ఒక ప్రాంతంలో చాలా కూరల్లో కొబ్బరిపాలు ఉంటాయి, మరో ప్రాంతంలో కొబ్బరి ఊసే తక్కువ. ఒకచోట అన్నం చేత్తో ముద్ద చేసుకొని తింటారు, మరోచోట చెంచాతో తింటారు. కాబట్టి ఒక ప్రాంతపు భోజనం నచ్చనంత మాత్రాన థాయ్ వంటే మనకు పడదని తేల్చేయడం న్యాయం కాదు.

ఎంచుకునే ముందు తేల్చుకోవలసినవి

మనవాళ్ళు మొదట అడిగేది కారం గురించి. గుంటూరు మిరపకాయ తిన్నవాళ్ళకు థాయ్ కారం ఒక లెక్కా అనుకుంటారు. కారాన్ని కొలమానంగా పెట్టుకోవడమే ఎంపికలో జరిగే మొదటి పొరపాటని నా అభిప్రాయం. కారం తట్టుకోగలిగినవారు కూడా పళ్ళెం పక్కకు నెట్టేసేది వాసన వల్ల. పులియబెట్టిన చేప, రొయ్యల ముద్ద, చేప పేగుల రసం, ఇవి ఆయా ప్రాంతాల వంటకు ప్రాణం వంటివి. వాటిని తీసేస్తే ఆ వంట ఆ ప్రాంతానిది కాకుండా పోతుంది. ఎండుచేపల పులుసు, ఎండురొయ్యల వేపుడు ఇష్టంగా తినే కోస్తా కుటుంబాల వారికి ఈ వాసనలు త్వరగా అలవాటవుతాయి. ఇంట్లో అవి వండని వారు ఈ ఒక్క విషయాన్నే అన్నిటికంటే ముందు ఆలోచించుకోవాలి.

రెండోది అన్నం. ఇసాన్‌లోనూ ఉత్తరానా జిగురు బియ్యం తింటారు. దానిని నానబెట్టి, వెదురు బుట్టలో ఆవిరి మీద ఉడికిస్తారు. మధ్య ప్రాంతంలోనూ దక్షిణానా మనకు అలవాటైనట్టు మామూలు అన్నం వడ్డిస్తారు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ భోజనం మొత్తాన్ని నిర్ణయించేది ఇదే. జిగురు అన్నం ఉన్నచోట పలచని కూరలకంటే పచ్చళ్ళు, కాల్చిన మాంసం, నంజుకునేవి ఎక్కువ. మామూలు అన్నం ఉన్నచోట కలుపుకు తినే కూరలు ఎక్కువ.

మూడోది, మీరు తినకూడదనుకునే మాంసం ఏదన్నది. గొడ్డుమాంసం తినని హిందువులకు, పందిమాంసం తినని ముస్లింలకు, అసలు మాంసమే తినని వారికి ఈ ప్రాంతాలు ఒకే విధంగా సులువు కావు. నాలుగోది, ఎంతమంది కలిసి వెళ్తున్నారన్నది. థాయ్‌వాళ్ళు కలిసి తినేటప్పుడు సాధారణంగా ఒక్కొక్కరు ఒక్కో పళ్ళెం తెప్పించుకోరు. నాలుగైదు వంటకాలు మధ్యలో పెట్టుకొని అందరూ కొద్దికొద్దిగా వడ్డించుకుంటారు. అవి ఒకదాని తర్వాత ఒకటి అన్న వరుస లేకుండా, వండినవి వండినట్టు బల్ల మీదికి వస్తాయి. ఒంటరిగా వెళ్ళినవారు రెండు వంటకాలకు మించి రుచి చూడలేరు. ఐదోది, మీరు ఏ ఊళ్ళో, ఏ పూట ఉంటారన్నది. కొన్ని వంటకాలు మధ్యాహ్నం దాటితే దొరకవు.

| | ఇసాన్ | ఉత్తరం | దక్షిణం | మధ్య ప్రాంతం |
|---|---|---|---|---|
| అన్నం | జిగురు అన్నం | జిగురు అన్నం, నూడుల్స్ | మామూలు అన్నం, బియ్యపు సేమ్యా | మామూలు అన్నం |
| ముందుగా తెలిసే రుచి | పులుపు, కారం, ఉప్పు | సుగంధ మూలికలు, మితమైన కారం | తీవ్రమైన కారం, పసుపు, పులుపు | తీపి కలిసిన సమతూకం |
| కొబ్బరిపాలు | దాదాపు లేవు | తక్కువ, ఖావ్ సోయ్ అనే నూడుల్స్ వంటకంలో ఉంటాయి | చాలా కూరల్లో ఉంటాయి | చాలా కూరల్లో ఉంటాయి |
| వాసన పరీక్ష | ప్లా రా, అంటే పులియబెట్టిన మంచినీటి చేప | తక్కువ | రొయ్యల ముద్ద, చేప పేగుల రసం | చేప సాస్, రొయ్యల ముద్ద |
| ఎక్కువగా వాడే మాంసం | కోడి, పంది, గొడ్డు | పంది, కోడి | చేపలు, రొయ్యలు, పీతలు, పంది | అన్నీ |
| బ్యాంకాక్‌లో దొరకడం | వీధివీధికీ | అరుదు | ఓ మోస్తరు | అంతటా |

ఇసాన్: పులుపూ పొగా ఇష్టపడేవారికి

ఇరవై రాష్ట్రాలున్న ఇసాన్, విస్తీర్ణంలోనూ జనాభాలోనూ దేశంలో దాదాపు మూడో వంతు. ఉదోన్ థానీ, ఖోన్ కేన్, ఉబోన్ రాచథానీ దాని పెద్ద నగరాలు. అక్కడి జనం పనుల కోసం దశాబ్దాలుగా బ్యాంకాక్‌కు వలస వస్తున్నందువల్ల వాళ్ళ భోజనం కూడా వాళ్ళతోపాటే రాజధాని చేరింది. టాక్సీ నడిపేవారు, భవన నిర్మాణ కార్మికులు తినే తోపుడు బండి దగ్గరినుంచి సీలోమ్ దగ్గరి సాలాదేంగ్ వీధిలో ఉన్న సోమ్‌తమ్ దేర్ వంటి ఏసీ రెస్టారెంట్ల వరకు ఇసాన్ భోజనం అన్ని మెట్లలోనూ దొరుకుతుంది. ఖాళీ దొరికింది ఒక్క పూటే, ఉన్నది బ్యాంకాక్‌లోనే అయితే, అసలైన ప్రాంతీయ భోజనం తక్కువ వెతుకులాటతో దొరికేది ఇదే. సాధారణ దుకాణంలో ఒక పళ్ళెం సోమ్ తమ్ సుమారు 50 నుంచి 100 బాత్‌లలో (బాత్ థాయ్‌లాండ్ కరెన్సీ) వస్తుంది.

సోమ్ తమ్ అంటే పచ్చి బొప్పాయి తురుముతో రోట్లో చేసే వంటకం. చేసే తీరును దగ్గర నిలబడి చూడడం మంచిది, ఎందుకంటే అక్కడే మీరు మీ రుచిని చెప్పుకోగలరు. లోతైన మట్టి రోట్లో ముందు వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి చెక్క రోకలితో నలగ్గొడతారు. తర్వాత తాటిబెల్లం, పొడుగు బొబ్బర్లకాయల ముక్కలు, ఎండురొయ్యలు, టమాటా, నిమ్మరసం, చేప సాస్ పడతాయి. చివరగా బొప్పాయి తురుము వేసి, ఒక చేత్తో దంచుతూ రెండో చేతిలోని పెద్ద చెంచాతో అడుగునున్నది పైకి తిరగేస్తారు. తురుము ముద్ద కాకూడదు, రసం పట్టేలా కమిలితే చాలు. మిరపకాయలు ఎన్ని వేయాలో మొదట్లోనే చెప్పాలి. ‘ప్రిక్ సోంగ్ మెత్’ అంటే రెండు మిరపకాయలు. చిన్నగా ఉన్నాయి కదా అని ఐదారు వేయించుకోవద్దు. పచ్చిగా, నిమ్మపులుసులో నానిన మిరప నాలుకను పట్టుకునే తీరు మనం నూనెలో వేయించుకు తినే మిరప తీరు కాదు.

ఇందులోనే ఎంపిక ఉంది. వేరుశెనగలు వేసి కొంచెం తియ్యగా చేసేది సోమ్ తమ్ థాయ్, ఇది మొదటిసారి తినేవారికి తగినది. ప్లా రా వేసి చేసేది ఇసాన్ ఇళ్ళలో తినేది. మంచినీటి చేపను ఉప్పు, తవుడు లేదా వేయించిన బియ్యప్పొడి కలిపి నెలల తరబడి పులియబెడితే వచ్చే గోధుమరంగు రసమే ప్లా రా. దాని వాసన ఘాటైనది, దాని రుచి లోతైనది. వాసనకు వెనుదీయనివారు తప్పక ఇదే తినాలి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే రెండు రకాలూ తెప్పించుకొని పక్కపక్కన పెట్టుకు తినడం అన్నిటికంటే మేలు, ఎందుకంటే ప్లా రా ఏం చేస్తుందో అప్పుడే నాలుకకు స్పష్టంగా తెలుస్తుంది.

దీనికి తోడు కై యాంగ్, అంటే నిప్పుల మీద నిదానంగా కాల్చిన కోడి, చింతపండు, ఎండుమిర్చి, వేయించిన బియ్యప్పొడితో చేసిన జేవ్ అనే నంజుకునే పచ్చడితో వస్తుంది. లాబ్ అనేది సన్నగా తరిగిన మాంసంలో నిమ్మరసం, చిన్న ఉల్లిపాయలు, పుదీనా, కారం, వేయించిన బియ్యప్పొడి కలిపిన వంటకం. ఆ బియ్యప్పొడి పంటికింద కరకరలాడుతూ కాల్చిన వాసనను ఇస్తుంది. అది సరిగ్గా లేకపోతే ఆ దుకాణం లాబ్‌ను తొందరపాటుగా చేస్తోందని అర్థం. నలుగురికి ఒక సోమ్ తమ్, ఒక కోడి, ఒక కోడి లాబ్, ఒక పులుసు, మనిషికో బుట్ట జిగురు అన్నం సరిపోతాయి. అన్నం క్రతిప్ అనే మూత ఉన్న చిన్న వెదురు బుట్టలో వస్తుంది. కొంచెం తీసుకొని వేళ్ళతో ఒత్తి, చిన్న ముద్ద చేసి, రసంలో అద్దుకు తినాలి. తీసుకున్న ప్రతిసారీ మూత పెట్టేయాలి, లేకపోతే అన్నం ఆరిపోయి గట్టిపడుతుంది. చేత్తో తినడం అలవాటున్న మన పెద్దవాళ్ళు చెంచా, ఫోర్కు పట్టుకునే ఇబ్బంది లేకుండా హాయిగా తినగలిగే భోజనం ఇది.

ఇక ఆరోగ్యం మాట. ఇసాన్‌లో కొన్ని వంటకాలు పచ్చి మాంసంతో, పచ్చి చేపతో కూడా చేస్తారు. పచ్చి మంచినీటి చేపల ద్వారా సోకే కాలేయపు పురుగు వల్ల ఆ ప్రాంతంలో పిత్తవాహికల క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని వైద్యులు ఏళ్ళ తరబడి చెబుతున్నారు. ‘సుక్’ అంటే ఉడికినది. లాబ్ తెప్పించేటప్పుడు ఆ మాట చెప్పండి. ప్లా రా కూడా మరిగించినదేనా అని అడగడంలో తప్పు లేదు.

ఉత్తరం: కారం కంటే పరిమళం కోరేవారికి

ఉత్తర ప్రాంతపు భోజనానికి బ్యాంకాక్‌లో వెతకడం కంటే చియాంగ్ మాయ్ ప్రయాణాన్నే దానికి కేటాయించడం మంచిదని నా సలహా. రాజధానిలో మంచి దుకాణాలు లేవని కాదు, తక్కువ. పైగా ఉత్తరపు వంటలో పొలం గట్ల మీది ఆకులు, అడవి మూలికలు ఎక్కువ కాబట్టి ఆ ఊళ్ళో, ఆ సంత పక్కన తింటేనే దాని పూర్తి రుచి తెలుస్తుంది.

లాన్నా రాజ్యం 1558లో బర్మా పాలన కిందికి వెళ్ళి, సుమారు రెండు వందల ఏళ్ళు అలాగే ఉంది. కేంగ్ హంగ్ లే అనే కూర బర్మా వైపు నుంచి వచ్చినదే. అల్లం, చింతపండు, ఊరబెట్టిన వెల్లుల్లి, మసాలా పొడితో పంది మాంసాన్ని గంటల తరబడి ఉడికిస్తారు. కొబ్బరిపాలు లేని ఈ కూరలోని మసాలా మన నాలుకకు వెంటనే పరిచితంగా తోస్తుంది. ఖావ్ సోయ్ అనే నూడుల్స్ వంటకానికి చైనాలోని యున్నాన్ నుంచి గుర్రాల మీద, కంచరగాడిదల మీద సరుకు తెచ్చిన చైనా ముస్లిం వర్తకులతో సంబంధం ఉందని చెబుతారు. కొబ్బరిపాలు కలిసిన మసాలా రసంలో గుడ్డు నూడుల్స్, కోడి కాలు, పైన వేయించిన కరకర నూడుల్స్ ఉంటాయి. పక్కన ఊరబెట్టిన ఆవకూర, చిన్న ఉల్లిపాయలు, నిమ్మచెక్క, నూనెలో వేయించిన కారం ఇస్తారు. ముందు రసం ఒక చెంచా తాగి చూసి, తర్వాత నిమ్మ పిండి, ఆపైన కారం కలుపుకోవాలి. ఒంటరిగా ప్రయాణించేవారికి ఇంత నిండైన ఒంటి గిన్నె భోజనం ఇంకో ప్రాంతంలో దొరకదు. చియాంగ్ మాయ్‌లో ఫా హామ్ ప్రాంతం దీనికి పేరు పొందింది. బాన్ హో మసీదు దగ్గరి ముస్లిం దుకాణాల్లో హలాల్ ఖావ్ సోయ్ దొరుకుతుంది. ఈ దుకాణాలు చాలావరకు మధ్యాహ్నపు పూటకే తెరిచి ఉంటాయి కాబట్టి రాత్రి భోజనానికి అట్టేపెట్టుకోవద్దు.

తెలుగువారికి ఉత్తరాన అన్నిటికంటే దగ్గరగా అనిపించేది నమ్ ప్రిక్ నుమ్. పొడవాటి పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు నిప్పుల మీద కాల్చి, పొట్టు తీసి, ఉప్పు వేసి దంచుతారు. మన కాల్చిన పచ్చిమిర్చి రోటి పచ్చడిలో నుంచి చింతపండు, తాలింపు తీసేస్తే ఏమవుతుందో ఇంచుమించు అదే. జిగురు అన్నంతోనూ ఉడికించిన కూరగాయలతోనూ వేయించిన పంది చర్మపు వడియాలతోనూ నంజుకుంటారు. నమ్ ప్రిక్ ఓంగ్‌లో టమాటాతోపాటు పంది కైమా ఉంటుంది, పేరు దగ్గరగా ఉన్నందువల్ల పొరబడకూడదు. లేత పనసకాయతో చేసే కూర, ఉడికించి దంచి పోపు పెట్టే తమ్ ఖనున్ కూడా ఇక్కడి ప్రత్యేకతలే. కానీ ఇవి కూడా సాధారణంగా మాంసమో రొయ్యల ముద్దో లేకుండా చేయరు.

ఉత్తరపు భోజనంలో మనవారికి అడ్డంకి పంది మాంసం. కూర, సాసేజ్, పచ్చడి, పక్కన ఇచ్చే వడియం, అన్నిటిలోనూ అది ఉంటుంది. దానిని తినేవారికి నిమ్మగడ్డి, నిమ్మ ఆకు దట్టించి కాల్చిన సాయ్ ఉవా అనే సాసేజ్ ఒక్కటే ప్రయాణ ఖర్చుకు తగిన ఫలం. తినని వారికి ఖావ్ సోయ్, నమ్ ప్రిక్ నుమ్ తప్ప ఎంచుకోవడానికి పెద్దగా మిగలదు. ఇక్కడి లాబ్‌లో నిమ్మరసం బదులు పిప్పళ్ళు, అడవి మిరియం వంటి ఎండు దినుసులు వాడతారు, తరచుగా రక్తమూ కలుపుతారు. పచ్చి పంది మాంసంతో చేసే రకాన్ని మాత్రం ఎంత ప్రఖ్యాత దుకాణంలోనైనా తినవద్దు, దాని వల్ల ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్లు వచ్చిన సందర్భాలు ఆ ప్రాంతంలో ఉన్నాయి.

గుండ్రటి పొట్టి పీట మీద వంటకాలన్నీ అమర్చి, నృత్య ప్రదర్శనతోపాటు వడ్డించే ఖాంతోక్ విందులు యాత్రికులకోసం చియాంగ్ మాయ్‌లో నడుస్తాయి. పిల్లలూ పెద్దలూ ఉన్న కుటుంబానికి ఆ సాయంత్రం బాగా గడుస్తుంది. భోజనమే ముఖ్యమనుకునేవారు ఆ డబ్బుతో మూడు చిన్న దుకాణాల్లో తినవచ్చు.

దక్షిణం: అన్నం, కూర, కారం లేనిదే భోజనం కాదనేవారికి

మామూలు అన్నం, పసుపు పడిన చేపల పులుసు, కొబ్బరిపాల కూర, పక్కన పచ్చి కూరగాయలు, ఇలా మన భోజనపు చట్రానికి దగ్గరగా ఉన్నది దక్షిణ థాయ్ భోజనం. కారంలో దేశం మొత్తానికి దీనిదే మొదటి స్థానమని థాయ్ ప్రజలే ఒప్పుకుంటారు. ఇంత చెప్పాక ఇదే అందరికీ తగినదని అనుకోవచ్చు కానీ, వాసన పరీక్ష ఇక్కడే అన్నిటికంటే కఠినం.

కేంగ్ సోమ్ అనేది పచ్చి పసుపు, ఎండుమిర్చి, రొయ్యల ముద్ద నూరి, చేప ముక్కలు, వెదురు మొలకలు లేదా పచ్చి బొప్పాయి వేసి చేసే పలచని పులుసు. మధ్య ప్రాంతంలో అదే పేరుతో వేరే పులుసు ఉన్నందువల్ల బ్యాంకాక్‌లో దీనిని కేంగ్ లువాంగ్ అంటారు. కొబ్బరిపాలు ఉండవు, అందుకే కారం నేరుగా తగులుతుంది. ఖువా క్లింగ్ అంటే తరిగిన మాంసాన్ని పసుపు, మిరియాలు, మిరప నూరిన ముద్దతో నీరు లేకుండా పొడిపొడిగా వేయించడం. చివర సన్నగా తరిగిన నిమ్మ ఆకు చల్లుతారు. ఆ రెండూ తిన్నాక నోరు చల్లబరచుకోవడానికి దోసకాయ, బొబ్బర్లకాయ, వంకాయ, రకరకాల చిగుళ్ళతో కూడిన పచ్చి కూరల పళ్ళెం చాలా దుకాణాల్లో అడగకుండానే పెడతారు. దాన్ని అలంకారం అనుకొని పక్కన పెట్టవద్దు, కారానికి విరుగుడుగానే అది భోజనంలో భాగమైంది. గుడ్డుతో వేయించిన లియాంగ్ ఆకు పిల్లలకు నప్పుతుంది, అందులో కారం ఉండదు.

వాసన వచ్చేది మరో మూడింటిలో. సతో గింజలు పొడవాటి కాయల్లో కాస్తాయి, రొయ్యలతోనూ రొయ్యల ముద్దతోనూ వేయిస్తారు. తిన్నాక వాటి వాసన చాలాసేపు వదలదు. కేంగ్ తై ప్లా అనే కూర చేప పేగులను ఉప్పులో పులియబెట్టిన రసంతో చేస్తారు. చూపుకు నల్లగా, బురదగా ఉంటుంది. ఎండుచేపల వంటకు అలవాటైనవారు కూడా మొదటి ముద్ద దగ్గర ఆగిపోవచ్చు. కానీ ఆగకుండా అన్నంలో కొంచెమే కలుపుకు తింటే, దక్షిణ ప్రాంతపు వాళ్ళు దానికోసం ఎందుకు పరితపిస్తారో అర్థమవుతుంది. మూడోది బూడూ అనే చేపల రసం, దీన్ని ఖావ్ యమ్‌లో వాడతారు. అన్నం, వేయించిన కొబ్బరి కోరు, సన్నగా తరిగిన నిమ్మగడ్డి, పంపర పనస తొనలు, ఆకులు విడివిడిగా పేర్చి, పైన ఆ తీపి కలిసిన రసం పోసుకొని కలుపుకుంటారు. వేడి తగిలే పూట దీనికి మించిన పలహారం లేదు.

దక్షిణాన మూడు రకాల తిండి కలిసి ఉంది. నఖోన్ సి తమ్మరాత్, సోంగ్‌ఖ్లా వంటి చోట్ల పైన చెప్పిన కూరలు. ముస్లింలు ఎక్కువగా ఉన్న పట్టానీ, యాలా, నరాథివాత్ ప్రాంతాల్లో మసామన్ కూర, పసుపు అన్నంలో కోడి వేసి చేసే ఖావ్ మోక్ కై, రోటీ. ఫుకెట్‌లో తగరపు గనుల పనికి వచ్చిన హొక్కియన్ చైనీయుల వంట. యునెస్కో 2015లో ఫుకెట్‌ను ఆహార కళల నగరాల జాబితాలో చేర్చింది. బీచ్ ప్యాకేజీ మీద ఫుకెట్ వెళ్ళేవారు కనీసం ఒక పూట పాత పట్నం వైపు వెళ్ళి తినాలి. తమలపాకు జాతి ఆకులు వేసి కొబ్బరిపాలతో చేసే పీతల కూర, బియ్యపు సేమ్యాతో అక్కడ ప్రసిద్ధం. పీతలు ఇష్టపడే గోదావరి జిల్లాల వారికి నేను మొదట చెప్పేది ఆ కూర పేరే.

బ్యాంకాక్‌లో దక్షిణ భోజనం రెండు కొసల్లోనూ దొరుకుతుంది. ఒక కొసన ట్రేలలో కూరలు పేర్చి, అన్నం మీద మీరు చూపించినవి వడ్డించే ఖావ్ కేంగ్ కొట్లు. చూసి ఎంచుకోవచ్చు కాబట్టి భాష రానివారికి ఇవి ఎంతో అనుకూలం. కానీ చాలాచోట్ల మధ్యాహ్నానికే కూరలు అయిపోతాయి. మరో కొసన సుఖుంవిత్‌లోని సోర్న్. సుపక్సోర్న్ జోంగ్‌సిరి నడిపే ఈ రెస్టారెంట్ రెస్టారెంట్లకు నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడ్ 2025 సంచికలో అత్యున్నతమైన మూడు నక్షత్రాలు పొందింది. థాయ్ వంటకాలు వడ్డించే రెస్టారెంట్లలో ఆ గౌరవం దక్కిన మొదటిది అదే. అక్కడ బల్ల దొరకాలంటే చాలా ముందుగా ప్రయత్నించాలి, ఖర్చు మనిషికి వేల బాత్‌లలో ఉంటుంది. వంటనే వృత్తిగానో వ్యాసంగంగానో పట్టించుకునేవారికి అది విలువైన ఖర్చు. మిగతావారికి ఖావ్ కేంగ్ కొట్టే మేలు.

మధ్య ప్రాంతం గురించి క్లుప్తంగా

ఇప్పటికే పరిచయమున్న రుచులు కాబట్టి దీని మీద ఎక్కువ చెప్పను. టామ్ యమ్ కుంగ్ 2024లో యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరింది. మన ఊళ్ళో తాగిన సూప్‌కూ నదీతీరపు దుకాణంలో పెద్ద రొయ్యలతో చేసినదానికీ మధ్య తేడా ఒకసారి చూడదగినది. ఇంటి భోజనం రుచి కావాలంటే గ్రీన్ కర్రీని పక్కన పెట్టి నమ్ ప్రిక్ కపి అడగండి. రొయ్యల ముద్ద, నిమ్మరసం, పచ్చిమిర్చి దంచిన పచ్చడి అది, వేయించిన చిన్న కానాగంత చేపతోనూ కూరగాయలతోనూ వస్తుంది. మొత్తంమీద, పదిమంది ఉన్న గుంపులో ఒక్కొక్కరిది ఒక్కో అభ్యంతరం అయినప్పుడు ఎవరూ ఆకలితో లేవకుండా ఉండేది మధ్య ప్రాంతపు రెస్టారెంట్‌లోనే.

శాకాహారులకు

ఈ భాగం సూటిగా చెప్పడమే శాకాహారులకు నేను చేయగల మేలు. ప్రాంతీయ థాయ్ రెస్టారెంట్‌లో కూరగాయల వంటకం అన్నంత మాత్రాన అది శాకాహారం కాదు. చేప సాస్, రొయ్యల ముద్ద కూర ముద్దలోనే నూరి ఉంటాయి, అడిగినా తీయడం సాధ్యం కాదు. ‘మై సై నమ్ ప్లా’ అంటే చేప సాస్ వేయవద్దని, ‘మై సై కపి’ అంటే రొయ్యల ముద్ద వేయవద్దని అర్థం. అప్పటికప్పుడు దంచే సోమ్ తమ్‌లో ఈ మాటలతోపాటు ఎండురొయ్యలూ వద్దని చెబితే పని జరుగుతుంది. కానీ అదే రోట్లో అంతకుముందు చేప రసం పడి ఉంటుందని తెలుసుకొని తినాలి.

నియమం గట్టిగా పాటించేవారు పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో ‘జే’ గుర్తు ఉన్న దుకాణాలకే వెళ్ళాలి. అక్కడ మాంసం, చేప, గుడ్డు, పాలతోపాటు ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు కాబట్టి జైనులకూ మడి పాటించేవారికీ చాలావరకు సరిపోతుంది. ఏటా సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో వచ్చే తొమ్మిది రోజుల జే పండుగకు ఫుకెట్ ప్రసిద్ధి. ఆ రోజుల్లో దేశమంతటా ఈ జెండాలు కనిపిస్తాయి. చియాంగ్ మాయ్‌లో శాకాహార రెస్టారెంట్లు ఎక్కువ, వాటిలో శాకాహార ఖావ్ సోయ్ దొరుకుతుంది. ప్రాంతీయ రుచి కావాలి, నియమమూ తప్పకూడదు అనుకునేవారికి నాకు తెలిసినంతలో అదే అత్యుత్తమ మార్గం.

ఎవరికి ఏది

ఒక్క పూటే ఖాళీ ఉన్న యువ జంటకు బ్యాంకాక్‌లో ఇసాన్. తక్కువ ఖర్చు, తక్కువ దూరం, ఎక్కువ రుచులు. అమ్మానాన్నలతో, పిల్లలతో వెళ్ళినవారు ఫుకెట్‌లో ఉంటే అక్కడి పాత పట్నపు రెస్టారెంట్, బ్యాంకాక్‌లో ఉంటే మధ్య ప్రాంతపు రెస్టారెంట్. ఇక్కడ అసలుదనంలో కొంత వదులుకుంటారు, కానీ పెద్దవాళ్ళు కడుపునిండా తినడం అంతకంటే ముఖ్యం. హలాల్ కావలసినవారికి దక్షిణపు ముస్లిం దుకాణాలు. థాయ్‌లాండ్ కేంద్ర ఇస్లామిక్ మండలి హలాల్ ముద్రను చూసుకుంటే సందేహం ఉండదు. గొడ్డుమాంసం తినని వారు ‘మై కిన్ నువా’ అన్న మాటను ఏ ప్రాంతంలోనైనా ముందే చెప్పాలి, ముఖ్యంగా ఇసాన్ దుకాణాల్లోనూ ముస్లిం దుకాణాల్లోనూ. పంది తినని వారికి ‘మై కిన్ మూ’. వేరుశెనగ, రొయ్యలు పడని వారు మాటల మీద ఆధారపడకుండా థాయ్ లిపిలో రాయించుకున్న చీటీ చూపించాలి.

చియాంగ్ మాయ్, ఫుకెట్ రెండింటిలో ఏదో ఒకటే చూడగలిగి, భోజనం కోసమే ఎంచుకోవలసి వస్తే, సముద్రపు తిండి ఇష్టపడేవారికి ఫుకెట్, పంది మాంసం తినేవారికి చియాంగ్ మాయ్ అంటాను. రెండూ తినేవారైతే నా ఓటు చియాంగ్ మాయ్‌కే. ఫుకెట్ చేపల కూరకు కొంత దగ్గరైన రుచి మన తీరంలోనూ దొరుకుతుంది. లాన్నా మూలికల రుచి మనకు ఇంకెక్కడా దొరకదు.

దుకాణాన్ని గుర్తుపట్టడం

ఒకే మెనూలో నాలుగు ప్రాంతాల వంటకాలతోపాటు పిజ్జా, ఫ్రైడ్ రైస్ కూడా ఉంటే అక్కడ ప్రాంతీయ రుచి ఆశించవద్దు. ఇసాన్ దుకాణంలో వాకిట్లో రోలూ నిప్పుల పొయ్యీ కనిపించాలి, సోమ్ తమ్ కనీసం నాలుగైదు రకాలు ఉండాలి. ఉత్తరపు దుకాణంలో నమ్ ప్రిక్ నుమ్, హంగ్ లే రెండూ ఉండాలి. ఖావ్ సోయ్ ఒక్కటే ఉంటే అది నూడుల్స్ కొట్టు, అందులో తప్పేమీ లేదు. దక్షిణపు దుకాణంలో పచ్చి కూరల పళ్ళెం, సతో, కేంగ్ సోమ్ ఉన్నాయో లేదో చూడండి. విదేశీయులని మన పళ్ళెంలో కారం, వాసన తగ్గించి ఇవ్వడం మర్యాదగా భావించే దుకాణాలు చాలా ఉన్నాయి. పక్క బల్ల మీద స్థానికులు తింటున్నదాన్ని చూపించి అదే కావాలని అడగడం, ఎన్ని మాటలు నేర్చుకున్నదానికంటే బాగా పనిచేస్తుంది.

అమెరికాలో ఉన్న తెలుగువారికి

థాయ్ ప్రభుత్వం 2002లో విదేశాల్లో థాయ్ రెస్టారెంట్లను పెంచే కార్యక్రమం మొదలుపెట్టింది. వాటికి థాయ్ సెలెక్ట్ అనే గుర్తింపు ముద్ర కూడా ఇస్తోంది. ఆ ముద్ర వంట థాయ్ పద్ధతిలో ఉందని చెబుతుంది కానీ ఏ ప్రాంతానిదో చెప్పదు. ప్రాంతీయ వంట కావాలంటే వెతుక్కొని వెళ్ళాలి. లాస్ వేగాస్‌లోని లోటస్ ఆఫ్ సయామ్ ఉత్తర ప్రాంతపు వంటకాలకు పేరు పొందింది. దాని వంటగత్తె సైపిన్ చుటిమాకు 2011లో, అమెరికాలో వంటవారికిచ్చే ప్రముఖ జేమ్స్ బియర్డ్ పురస్కారం వచ్చింది. దక్షిణపు వంటకు లాస్ ఏంజెలెస్ థాయ్ టౌన్‌లోని జిత్‌లడా, ఫిలడెల్ఫియాలోని కలయా ఉన్నాయి. కలయా నడిపే నోక్ సుంతరనోన్ 2023లో అదే పురస్కారం అందుకున్నారు. జిత్‌లడా, లోటస్ ఆఫ్ సయామ్ రెండింటిలోనూ అందరికీ తెలిసిన ప్యాడ్ థాయ్ వంటివి కూడా దొరుకుతాయి కాబట్టి, మెనూలో దక్షిణపు లేదా ఉత్తరపు వంటకాలని విడిగా వేసిన పుటను తెరిచి అక్కడినుంచే తెప్పించుకోండి.